హెరాల్డ్ చట్రం

మన దేశపు మోటారు పందేల చరిత్ర రాసేవారు మద్రాసు, కోయంబత్తూరు, కలకత్తా, బొంబాయిల దగ్గరే ఆగిపోతారు. అందులో మా మర్పల్లికి చోటు లేదు. ఉండాలని నేనూ వాదించను. అయితే ఆ చరిత్రలో సగం పందెపు బాటల మీద కాక రేకుల షెడ్లలో నడిచింది. అటువంటి షెడ్డులో 1980లలో కొన్నేళ్ళు గడిపినవాణ్ణి కనుక ఈ నాలుగు మాటలు.

ముందు షోళవరం సంగతి. మద్రాసుకు ఉత్తరాన ఉన్న ఈ బాట రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వేసినది. 1950లలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ పందేలు మొదలుపెట్టింది. విదేశీ రేసుకారు తెప్పించుకోవడం సుంకాల మూలాన బహు కొద్దిమందికే సాధ్యం. తక్కినవారు ఫియట్‌నో హెరాల్డ్‌నో విప్పి, బరువు తగ్గించి, ఇంజను పదునుపెట్టి తెచ్చేవారు. అలా తయారైన బండ్లను 'స్పెషల్' అనేవారు. నా మనసు ఎప్పుడూ ఈ స్పెషళ్ళ వైపే.

స్టాండర్డ్ హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులోనే తయారైన కారు. ఫియట్‌లో ఒళ్ళూ ఎముకలూ ఒకటే, హెరాల్డ్‌లో వేరు. బోల్టులు విప్పితే పైభాగమంతా ఊడివస్తుంది, కింద ఇంజనూ చక్రాలూ ఉన్న చట్రం తన కాళ్ళ మీద తాను నిలుస్తుంది. చేతిలో స్పానర్లు తప్ప మరేమీ లేనివారికి ఇంతకన్న వరమేమున్నది! హైదరాబాదులో తుక్కు ధరకు దొరికిన ఒకదాన్ని లారీ మీద ఊరికి చేర్చాము.

మా ఉస్తాద్ ట్రాక్టర్లు, లారీలు బాగుచేసే మనిషి. ఇంగ్లీషు అక్షరం రాదు. చట్రాన్ని ఊరి వెలుపల ఒకమారు నడిపి వచ్చి, "బేటా, మలుపుల దీని ఎనక చక్రం లోపటికి ముడుస్తున్నది. ఎప్పుడన్న పల్టీ కొడతది" అన్నాడు. వెనుక ఉన్న అడ్డ కమాను పట్టీని విప్పి, కొలిమికి తీసుకుపోయి, వంపు తగ్గించి తెచ్చాడు. బండి వెనుక భాగం కిందికి దిగింది, చక్రాలు మలుపులో నేలను పట్టుకున్నాయి. చాలా ఏళ్ళ తరువాత చదివి తెలుసుకున్నాను: హెరాల్డ్‌కు మాతృక చేసిన ఇంగ్లాండు ట్రయంఫ్ కంపెనీ తన స్పిట్‌ఫైర్ కారులో ఇదే లోపాన్ని 1970లో పట్టీ అమరిక మార్చి దిద్దుకున్నది. వారికి ఇంజనీర్లున్నారు, మాకు కొలిమి ఉన్నది.

వెల్డింగుకు వచ్చే కుర్రవాడు జహీరాబాదువాడు. మా రైలు దారిలోనే, కోహీర్ దాటాక వచ్చే ఆ ఊళ్ళో ఆల్విన్ నిస్సాన్ కర్మాగారం 1980ల నడుమ చిన్న లారీలు చేస్తూ ఉండేది. పల్లెల్లో పిల్లలకు కొత్త చేతిపని నేర్పిన ఘనత దానిది.

మా హెరాల్డ్ షోళవరం చేరలేదు. టైర్లకూ లారీ బాడుగకూ డబ్బు కూడేలోగా కాలమే మారింది. 1980ల చివర కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి 800 భాగాలతో ఒంటిసీటు రేసుకారు తయారుచేశాడు. అదే ఫార్ములా మారుతి. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో కొత్త బాట వచ్చింది. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ మొదట తోలినది ఫార్ములా మారుతినే. 1995లో విమాన ప్రమాదంలో మరణించిన కరివర్ధన్ మన పందేలకు చేసిన మేలు ఎంత చెప్పినా తక్కువే. అయినా ఒక మాట చెప్పవలసి ఉన్నది. అందరి బండీ ఒకటే కావడంతో డ్రైవరు నైపుణ్యం తేటపడింది. కమాను పట్టీ వంపు తగ్గించే ఉస్తాద్‌కు మాత్రం పని లేకుండా పోయింది. స్వయంగా గొప్ప పనివాడైన మనిషి చేతి మీదుగానే ఇది జరిగింది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. జాఁ ఎరిక్ వెర్న్ గెలిచాడు. పోటీలో మహీంద్రా జట్టూ ఉన్నది. నాటి ఆల్విన్ నిస్సాన్ చివరకు చేరినది ఆ మహీంద్రా చేతికే. ఉస్తాద్ మనుమణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. జహీరాబాదులో ట్రాక్టర్ల పని చేస్తాడు. శబ్దం లేని ఆ కార్లను చాలాసేపు చూసి, "తాతా, బ్యాటరీ విప్పి చూడనిస్తరా?" అని అడిగాడు. జట్లన్నిటికీ ఒకే బ్యాటరీ ఇస్తారనీ, దానిలో మార్పులు చేయడానికి వీల్లేదనీ చెప్పాను. వచ్చే ఏడు దగ్గరనుంచి చూద్దామనుకున్నాడు. 2024 పందెం రద్దయింది.