ఫలానుభవియు ఋణభారమును

మన సంఘముల వసతిగృహములును, విద్యానిధులును, సత్రములును తఱచుగా ధర్మకర్తల పేరనే నడచుచుండును. పత్రములందు చేవ్రాలు వారిది, ఫలము సంఘీయులది. నిధి చాలక ఋణము మిగిలినచో దాని నెవరు తీర్పవలెను? ఈ ప్రశ్నకు న్యాయస్థానము లొసగిన సమాధానముల చరిత్రను సంగ్రహముగ విన్నవింపదలచితిమి.

1878 అక్టోబరు 2వ తేదీన స్కాట్లండునందలి సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు తలుపులు తెఱవబడలేదు. దాని వాటాదారుల బాధ్యతకు పరిమితి లేదు. ప్రతి 100 పౌనుల వాటాకు మొదట 500 పౌనులును, పిదప 2,250 పౌనులును చెల్లింపవలసినదని తాఖీదులు వచ్చెను. ఒక వివాహ ఒడంబడిక ననుసరించి పరుల కొఱకు వాటాలు వహించిన ధర్మకర్తలు, తమకందు స్వలాభము లేదని మొఱపెట్టుకొనిరి. 1879లో ఇంగ్లండు ప్రభువుల సభ ఆ మొఱ నాలకింపలేదు. పుస్తకమున పేరున్నవారే స్వంతాస్తితో చెల్లింపవలెనని తీర్పు చెప్పెను.

అట్లు చెల్లించిన ధర్మకర్తకు దిక్కెవరు? హాంకాంగునుండి లండను ప్రీవీ కౌన్సిలునకు వచ్చిన హార్డూన్–బెలీలియోసు వ్యాజ్యము దీనికి సమాధానము. ఆ తీర్పు 1901 నాటి సంపుటమున ప్రకటితమైనది. వాటాల దళారుల యొద్ద ఉద్యోగియగు హార్డూను పేర 50 బ్యాంకు వాటాలుండెను. నిజమైన స్వామి బెలీలియోసు. బ్యాంకు మూతపడగా చెల్లింపుభారము హార్డూనుపై బడెను. యుక్తవయస్కుడై, ఆస్తి నంతయు తానే అనుభవించు లబ్ధిదారు దాని భారమును గూడ వహింపవలెనని లిండ్లే ప్రభువు నిర్ణయించెను.

అయిన నీ సూత్రమునకు హద్దు గలదు. న్యూ సౌత్ వేల్సునుండి వచ్చిన యొక క్లబ్బు వ్యాజ్యమున, 1903లో ఆ ప్రీవీ కౌన్సిలే, నియమావళిలో లేనిచో సభ్యులు చందాకు మించి బాధ్యులు కారని పలికెను. కౌలు ఒప్పందమునకు సంతకము చేసిన ధర్మకర్తకు వారినుండి రాబట్టు హక్కు లేకపోయెను.

మన దేశమున 1882 నాటి ట్రస్టుల చట్టము 32వ సెక్షను ప్రకారము ధర్మకర్త తగిన వ్యయమును ముందుగా ట్రస్టు ఆస్తినుండియే రాబట్టుకొనవలెను. ఆస్తి చాలనిచో, ఎవరి పక్షమున, ఎవరి కోరికపై చెల్లించెనో ఆ లబ్ధిదారు స్వయముగా బాధ్యుడగును. ఆ కోరిక నోటితో చెప్పినదైనను, నడతచే తెలిసినదైనను సమానమే. ధర్మకర్త తప్పిదమున పాలుపంచుకొన్న లబ్ధిదారుని వాటాను, నష్టము పూడువఱకు ఇతర లబ్ధిదారులు నిలుపుదల చేయించుటకు 68వ సెక్షను వీలొసగుచున్నది.

కాని మతధర్మముల ఆస్తులకును, ధార్మిక దానములకును ఈ చట్టము వర్తింపదు. కావున వసతిగృహమున భుజించిన బాలుడు ఋణస్థుడు కాడు. చందా చెల్లించిన సభ్యుడును సామాన్యముగ కాడు. ఇది మనకు నిశ్చింతయే; కాని చేవ్రాలు చేసిన పెద్ద ఒంటరియగును!

అందువలన సోదరులారా, ధర్మకర్తలను ఋణము చేయుడని కోరుటకు ముందు తీర్మానమును వ్రాతపూర్వకముగ ఆమోదింతము. తీర్చు మార్గమును అందే నిర్ణయింతము. చట్టము మనలను విడిచినను ధర్మము విడువదు. ఫలము పదుగురిదైనచో భారమును పదుగురిదే కావలయును.