థామస్ కెర్షా

థామస్ కెర్షా (1819–1898) ఇంగ్లండుకు చెందిన అలంకరణ చిత్రకారుడు. మామూలు చెక్క మీద ఖరీదైన కలప గీతలను, పాలరాతి చారలను రంగులతో దించడంలో విక్టోరియా రాణి కాలంలో ఆయనది అగ్రస్థానం. లాంకషైర్‌లోని స్టాండిష్‌లో పుట్టి, బోల్టన్‌లో పని నేర్చి, తర్వాత లండన్ చేరాడు. 1851 లండన్ మహా ప్రదర్శనలోనూ, 1855 పారిస్ ప్రదర్శనలోనూ పతకాలు గెలిచాడు.

ఈ పనికి రంగు కన్నా ఓపిక ఎక్కువ కావాలి. అడుగున లేతరంగు పూత వేసి ఆరనిస్తారు. పులిసిన బీరులో ముదురు గోధుమరంగు పొడి కలిపి దానిమీద పలుచగా పూస్తారు. తడి ఆరకముందే పొడవాటి కుచ్చు బ్రష్షుతో తడితే ఓక్, మహోగని కలపల్లో కనిపించే సన్నని గీతలు తేలుతాయి. బ్యాడ్జర్ వెంట్రుకల బ్రష్షు తాకీ తాకనట్టు ఆడిస్తే అంచులు కలిసిపోతాయి. ఆపైన వార్నిష్. పాలరాతి చారలకైతే పక్షి ఈక కూడా పనికొస్తుంది. చవకైన పైన్ చెక్క బీరువాలు, తలుపులు మహోగని దర్జా సంపాదించుకున్నది ఈ పద్ధతిలోనే.

ఇదంతా కపటమని కళా విమర్శకుడు జాన్ రస్కిన్ 1849లోనే తీసిపారేశాడు. కెర్షా ఇలా రంగులు దించిన పలకలను చూస్తే ఆ తీర్పు మరీ కటువనిపిస్తుంది. వాటిలో కొన్ని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, మరికొన్ని బోల్టన్ మ్యూజియంలోనూ ఉన్నాయి.