జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: మహిళా ప్రాతినిధ్యం, ఓటర్ల కోరికలు

పాత కరీంనగర్ జిల్లాలోని ఈ మూడు శాసనసభ స్థానాల్లో 2009 నుంచి 2023 వరకు ప్రతి సాధారణ ఎన్నికలోనూ పురుషులే గెలిచారు. మహిళలు పదవుల్లోకి వచ్చింది ఎక్కువగా స్థానిక సంస్థల ద్వారా. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ వారికి మూడో వంతు స్థానాలు కేటాయించగా, 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సగం ఇచ్చింది. 2019లో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లా పరిషత్తులు రెండింటికీ మహిళలే అధ్యక్షులయ్యారు. కుర్చీతో పాటు పెత్తనం వచ్చిందా అన్నది వేరే సంగతి. 2023 జనవరిలో జగిత్యాల పురపాలక సంఘం అధ్యక్షురాలు బోగ శ్రావణి స్థానిక ఎమ్మెల్యే వేధిస్తున్నారని ఆరోపిస్తూ రాజీనామా చేశారు.

మహిళ పదవిలో ఉంటే మహిళల కోరికలకు చోటు పెరుగుతుందా? పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలపై రాఘవేంద్ర ఛటోపాధ్యాయ్, ఎస్తేర్ డుఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనం పెరుగుతుందనే చెప్పింది. మహిళలకు రిజర్వు చేసిన పంచాయతీల్లో వారు ఎక్కువగా అడిగే తాగునీటి పనులు పెరిగాయి.

ఇక్కడి చరిత్ర అంత సూటిగా లేదు. ఈ ప్రాంతంలో బీడీలు చుట్టేది ప్రధానంగా మహిళలే. వారికి 2015లో మొదలైన నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి శాసనసభలో మహిళా ప్రతినిధి లేకుండానే వచ్చింది. పీఎఫ్ ఖాతా షరతు వల్ల కొందరికి అందలేదు. మరోవైపు, జగిత్యాల, కోరుట్ల భాగంగా ఉన్న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 2014లో కల్వకుంట్ల కవిత గెలిచారు. 2019లో పసుపు బోర్డు, పసుపు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధర కోరుతూ రైతులు పెద్ద ఎత్తున నామినేషన్లు వేశారు. బరిలో నిలిచింది 185 మంది. కవిత ధర్మపురి అర్వింద్ చేతిలో ఓడిపోయారు. అక్కడ లెక్కకొచ్చింది పంట ధరే. బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో ప్రారంభమైంది.

బతుకమ్మ చీరల వ్యవహారం ఇంకా చిక్కు. 2017లో బతుకమ్మ పండక్కి ప్రభుత్వం మహిళలకు ఉచితంగా చీరలు పంచడం మొదలుపెట్టినప్పుడు వాటిలో కొంత భాగం సూరత్ నుంచి వచ్చింది. నాణ్యత బాగాలేదని పలుచోట్ల మహిళలు వాటిని తగలబెట్టారు. ఆ తర్వాత ఆర్డర్లు సిరిసిల్ల మరమగ్గాలకే వెళ్లాయి. అప్పటి చేనేత, జౌళి శాఖ మంత్రి కె.టి. రామారావు నియోజకవర్గం సిరిసిల్లే. కట్టుకునే ఆడవాళ్లు అడిగింది మంచి చీర. మగ్గం నడిపేవాళ్లు అడిగింది ఏడాది పొడవునా పని. ప్రతినిధికి దగ్గరి ఓటర్లు రెండో వాళ్లు. 2023 చివర్లో ప్రభుత్వం మారాక బతుకమ్మ చీరలు ఆగిపోయాయి. తర్వాత స్వయం సహాయక సంఘాల మహిళలకిచ్చే చీరల ఆర్డర్లు సిరిసిల్లకు వచ్చాయి.