పటము క్రింది అట్ట

ఛాయాచిత్రమును అద్దము వెనుక అమర్చి చట్రములో బిగించుటను మన జిల్లాలలో ‘పటము కట్టుట’ యందురు. ఇల్లు కట్టుట, మాల కట్టుట, మూట కట్టుట – ఇన్నింటను ‘కట్టు’ ధాతువు చెదరిపోవు దానిని నిలిపి యుంచుట యను అర్థమునే ఇచ్చుచున్నది. పటము విషయమునను అంతే. చూచువారి దృష్టి మొదట ముఖముల మీద పడును, పిదప చట్రపు నగిషీ మీదికి పోవును. ఈ రెంటికి నడుమ నున్న అట్టను, చిత్రము వెనుక నున్న అట్టను ఎవరును గమనింపరు. నేడు నేను ముచ్చటింపబోవునది ఆ అట్టను గూర్చియే. నేను వ్యాకరణము చదివి బడిలో తెలుగు చెప్పినవాడనే గాని ఫోటోగ్రాఫరును కాను. అయినను ఒక అట్ట విషయమున నేను చేసిన పొరపాటు నన్నీ విషయము తడవునట్లు చేసినది. దానిని తరువాత చెప్పెదను.

చిత్రమునకు అట్ట ఏల కావలసి వచ్చినదో మొదట తెలియవలెను. 1850లో ఫ్రాన్సు దేశమున బ్లాంకార్ ఎవ్రార్ అను నతడు పలుచని కాగితమునకు కోడిగ్రుడ్డు తెల్లసొన పూసి, దానిపై వెండిలవణమును పట్టించి చిత్రము దింపు పద్ధతిని ప్రకటించెను. ఇంచుమించు నలువది యేండ్లు లోకమంతట ఈ కాగితమే చెల్లినది. మడి కట్టుకొని ఉల్లిపాయనైనను ముట్టని మన పెద్దలు ఎందరి పటములు గ్రుడ్డుసొన మీద వెలసినవో వారెరుగరు! ఆ కాగితమున కొక దోషము కలదు. తడి యారగానే ఎండలో పడవేసిన ఆకువలె చుట్టుకొని పోవును. దానిని దళసరి అట్టపై గంజి జిగురుతో అంటించిననే గాని చేత పట్టి చూచుటకు వీలులేదు. కనుక ఆనాటి అట్ట అలంకారము కాదు, చిత్రమునకు వెన్నెముక.

వెన్నెముకగా వచ్చినది కొలదికాలములో వ్యాపారమునకు ముఖమైనది. 1854లో పారిసున డిస్డెరి యను నతడు నాలుగంగుళముల పొడవు, రెండున్నర అంగుళముల వెడల్పు గల చిన్న అట్టచిత్రములకు హక్కుపత్రము పొందెను. పిమ్మట అంతకంటె పెద్దవి వచ్చినవి. అట్ట చుట్టును బంగారు గీత, క్రింద చిత్రశాల పేరు, వెనుక వారు పొందిన బిరుదములు అచ్చగుచుండెను. మన తెలుగు సీమలో సికింద్రాబాదునందు లాలా దీనదయాళు (1844–1905) చిత్రశాల నుండి వెలువడిన చిత్రముల అట్టల మీదను ఆ పేరు చూడవచ్చును. కొనువాడు ముఖమును చూచి కొనెడివాడు. అమ్మువాడు అట్టమీద తన పేరును లోకమున త్రిప్పుకొనెడివాడు.

ఈ విధముగా అట్టకెక్కిన చిత్రములలో మన గుంటూరు సీమ కత్యంతము అక్కరకు వచ్చినవి అమరావతి శిలల చిత్రములు. ఆ కథ కొంత విపులముగా చెప్పవలెను. పదునెనిమిదవ శతాబ్దము చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయనివారు అమరావతి పట్టణము కట్టించునపుడు దీపాల దిన్నె యను మట్టి గుట్టలో చెక్కడపు రాళ్లు బయల్పడినవి. కర్నలు మెకంజీ వచ్చి చూచి, 1816లో మరల వచ్చి తన వారిచేత వానిని చిత్రింపించెను. అప్పటికి ఛాయాచిత్రము పుట్టలేదు. అవి చేతితో గీచిన బొమ్మలు. 1845లో గుంటూరున ఉన్న వాల్టరు ఇలియట్టు దొర త్రవ్వించి, పెక్కు శిలలను మద్రాసునకు పంపెను. అక్కడ అవి ఏండ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసినవి. మెత్తని సున్నపురాయికి అది ఎంత హాని చేయునో పలనాటి రాళ్లతో ఇల్లు కట్టుకొన్నవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

1856లో మద్రాసు ప్రభుత్వము కెప్టెను లినేయస్ ట్రైపు అను సైనికోద్యోగిని తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. ఆయన అంతకుముందు బర్మా దేశపు చిత్రములు నూట ఇరువది తీసి, ప్రభుత్వమునకై ఏబది సంపుటములుగా సిద్ధపరచిన పనివాడు. లెక్క వేసికొనుడు: ఆరువేల చిత్రములు! ఒక్కొక్కటి సూర్యరశ్మిలో దించి, కడిగి, ఆరవేసి, అట్టపై చేతితో అంటింపవలెను. ఆ ట్రైపు 1858లో మద్రాసు మ్యూజియములోని అమరావతి శిలలను చిత్రించెను. అవి మ్యూజియములోని ఇతర వస్తువుల చిత్రములతో కలిసి డెబ్బదియైదు పటముల సంపుటముగా వెలువడినవి. ఆ దినములలో గాజుపలకపై పూయు కొలోడియను అను ద్రావకము ప్రత్తిని ఆమ్లములలో నానబెట్టి, ఈథరులోను సారాయములోను కరగించి చేసెడివారు. ఈ సంగతి చదివినప్పుడు ప్రత్తిచేల నడుమ పుట్టిన నాకు కొంత గర్వము కలిగినదని దాచనేల? కొలదికాలమునకే పొదుపు పేరిట ఆ పదవిని ప్రభుత్వము తీసివేసినది.

1859లో శిలలు నూటికి పైగా ఓడనెక్కి లండను చేరినవి. చేరి ఏమైనవి? సరియైన చోటు లేక, ఫైఫ్ హౌసు అను భవనపు బండ్లశాలలో పడియుండినవి. 1867లో పారిసునందు జరుగనున్న మహాప్రదర్శనమునకు హిందూదేశ శిల్పమును ఛాయాచిత్రములతో చూపదలచి జేమ్సు ఫెర్గుసను పండితుడు సన్నాహము చేయుచు, ఆ శాలలో వానిని కనుగొనెను. ప్రదర్శనమునకు చిత్రములు కావలసి వచ్చుటచేత రాళ్లు వెలుగు చూచినవి. ఇది గమనింపదగిన విషయము. రాయి శాశ్వతము, కాగితము క్షణికము అని మనమందుము. ఇక్కడ కాగితము కొరకు వెదకుచు పోయినవాడు రాతిని రక్షించెను. విలియం గ్రిగ్సు చిత్రములు తీసెను. మెకంజీ నాటి బొమ్మలను, ఈ చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి, ఎక్కడి రాయి ఎక్కడిదో ఫెర్గుసను ఊహించి, 1868లో చెట్లను సర్పములను పూజించుటను గూర్చిన తన బృహద్గ్రంథమును ప్రకటించెను. ఆ గ్రంథమున పెక్కు పటములు అచ్చొత్తినవి కావు, అంటించిన ఛాయాచిత్రములే. శిలలు 1880లో బ్రిటిషు మ్యూజియము చేరినవి, నేటికిని అక్కడనే యున్నవి.

ఇందు అట్ట చేసిన పని యేమి? ఒక పద్మపు చెక్కడము ఇంకొక పద్మపు చెక్కడమువలెనే యుండును. చిత్రము క్రింద అట్టమీద సంఖ్యయు పేరును ఉన్నప్పుడే అది ఏ శిలయో, ఎక్కడ ఉండగా తీసినదో తెలియును. అట్టనుండి ఊడిన చిత్రము ప్రతీకము లేని తాళపత్రము వంటిది; పద్యము చదువనగును గాని ఏ కావ్యములోనిదో చెప్పలేము. తాటాకుల కట్టలతో బాల్యము గడపిన నాకు ఈ బాధ తెలియును.

అయితే రక్షించు అట్టయే భక్షించుటయు కలదు. కొయ్యగుజ్జుతో చేసిన చౌక అట్టలో పులుపు పుట్టి, ఏండ్లు గడచిన కొలది గోధుమరంగు తిరిగి, ఆ మరకను చిత్రమున కెక్కించును. గంజి జిగురు రామబాణపు పురుగునకు విందు. అందుకే మన పటములు కట్టువారు జిగురులో మైలుతుత్తము కలుపుదురు. పురుగు చచ్చును గాని చిత్రమునకు అది మేలు చేయదు. చిత్రమును అద్దమునకు ఆనించి బిగించినచో వర్షకాలపు చెమ్మకు అది అద్దమున కంటుకొని, ఊడదీయబోగా ముఖమే ఊడివచ్చును. దీనికి విరుగుడు కలదు. నడుమ కిటికీవలె కోసిన అట్ట నొకటి పైన ఉంచినచో చిత్రమునకును అద్దమునకును ఎడము కలుగును. చిత్రమును నిండుగ అంటింపక, పై అంచున మాత్రము రెండు కాగితపు పట్టీలతో వ్రేలాడదీసినచో చెమ్మకు సాగినను ఎండకు ముడిచినను దానికి చోటుండును. అట్ట ప్రత్తిపీచుతో చేసినదైనచో శ్రేష్ఠము. మన ఊరి పంట మన ఊరి పటములకు ఎన్నడైన చేరినదో లేదో! ఇక క్రింది అంచును పై అంచుకంటె కొంచెము వెడల్పుగా విడుచుట ఆచారము. కంటికి సమముగా తోచుటకే యని కొందరందురు. మన బడి పటములలో ఆ చోటనే పేర్లు వ్రాయుదురు.

నా పొరపాటు ఆ క్రింది అంచును గూర్చియే. 1987లో నేను పదవ తరగతి పిల్లలతో ఒక పటము తీయించుకొంటిని. బూడిదరంగు అట్టమీద ‘కూర్చున్నవారు’, ‘నిలుచున్నవారు’ అని వరుస ప్రకారము ముప్పదినాలుగు పేర్లు వ్రాసి యుండినవి. కొంతకాలమునకు అద్దము పగులగా, పటములు కట్టు దుకాణమునకు కొనిపోతిని. సిద్ధముగా నున్న చట్రమొకటి చౌకగా వచ్చును గాని అట్ట పట్టదని అతడనెను. “పట్టినంత కోసి పెట్టుము నాయనా” అని నేనే యంటిని. అతడు పేర్ల వరుసను కత్తిరించి వేసెను. పిల్లలందరును నా కన్నుల యెదుటనే యున్నారు, పేర్లతో పని యేమి యనుకొంటిని.

గత సంవత్సరము మిరపకోతల దినములలో ఒక స్త్రీ మా యింటికి వచ్చినది. ఆ తరగతిలో చదివిన బాలునికి చెల్లెలు. అతడు చదువు ముగిసిన మరుసటి యేటనే జ్వరముతో పోయినాడు. అప్పటికి ఆమె చంటిబిడ్డ. ఇంట అతని పటము ఒక్కటియు లేదు. “మాస్టారూ, మా అన్న ఎవరో చూపించండి” అన్నది. కళ్లజోడు పెట్టుకొని వెదకితిని. పై వరుసలో కుడివైపున ఒకే పొడవు, ఒకే క్రాపు గల బాలురిద్దరు. వారిలో ఒకడని తెలియును, ఎవరో నిశ్చయింపలేకపోతిని. ఆనాటి పిల్లలు ఇద్దరు ముగ్గురికి కబురుచేసి అడిగితిని. ఒకరు ఈతడనిరి, మరియొకరు ఆతడనిరి.

ఆమె కొంతసేపు పటమువైపు చూచి, ఇద్దరిని కలిపి ఒక చిత్రముగా తీయించి యిమ్మని కోరినది. ఈ సారి కిటికీ అట్ట పెట్టించి, క్రింది అంచు వెడల్పుగా విడిపించితిని. అచ్చట పెన్సిలుతో ఇద్దరి పేర్లును వ్రాసి యిచ్చితిని. ఏ పేరును ఏ ముఖము క్రిందను పెట్టలేదు.