బొమ్మ గుడిలో బూర ఊదిందెవరు?

హేతువాద సభల్లో తరచు వినిపించే ఉదాహరణ ఒకటుంది. ప్రాచీన అలెగ్జాండ్రియాలో హెరాన్ అనే ఇంజనీరు ఉండేవాడనీ, బలిపీఠం మీద మంట వెయ్యగానే గుడి తలుపులు వాటంతటవే తెరుచుకునే యంత్రం చేశాడనీ, పూజారులు దాంతో జనాన్ని మోసగించారనీ చెబుతారు. చప్పట్లు బాగా పడతాయి. మనకు అనుకూలమైన కథ కాబట్టి పరీక్షించకుండా వదిలేద్దామా? భక్తులు చేసేదీ అదే కదా!

హెరాన్ క్రీ.శ. 1వ శతాబ్దం వాడు. ఆయన "డయోప్ట్రా"లో ప్రస్తావించిన చంద్రగ్రహణం క్రీ.శ. 62 నాటిదని నోయ్‌గెబవర్ 1938లో లెక్కగట్టాడు. (గ్రహణాలు ఇలాంటి పనులకు కూడా పనికొస్తాయి మరి.) తలుపుల యంత్రం ఉన్నది "న్యుమాటికా" అనే పుస్తకంలో. మంట వేడికి పీఠం లోపలి గాలి వ్యాకోచించి, కింద గోళంలోని నీటిని వంపు గొట్టం గుండా వేలాడే పాత్రలోకి తోస్తుంది. పాత్ర బరువెక్కి దిగుతూ, తలుపుల ఇరుసులకు చుట్టిన తాళ్ళను లాగుతుంది. మంట ఆరితే నీరు వెనక్కి పోతుంది, తలుపులు మూసుకుంటాయి.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. ఆ అధ్యాయం మొదట్లో ఆయన వాడిన మాట మాత్రం ఎవరూ చెప్పరు. గ్రీకులో గుడిని "నావోస్" అంటారు. ఆయన రాసింది "నాయిస్కోస్", అంటే చిట్టి గుడి. ఇది బల్ల మీద పెట్టుకునే వినోద యంత్రమని నా అభిప్రాయం. మామూలు గాలిని మరో 100 డిగ్రీలు వేడిచేస్తే పరిమాణం పెరిగేది మూడోవంతే. దాంతో నిజమైన గుడి తలుపులు కదలాలంటే ఆ పీఠం ఎంత పెద్దది కావాలో ఆలోచించండి.

గుళ్ళతో హెరాన్‌కి సంబంధమే లేదనడం లేదు. 5 ద్రాఖ్మాల నాణెం వేస్తే కాసిని నీళ్ళు కారే పూజాపాత్రని ఆయన వర్ణించాడు. ఈజిప్టు గుళ్ళ ముఖమండపాల్లో కంచు చక్రాలుంటాయనీ, కంచు శుద్ధి చేస్తుందన్న నమ్మకంతో జనం వాటిని తిప్పుతారనీ రాశాడు. సభలో చెప్పాలంటే ఇవి చెప్పుకోవచ్చు.

నాకు ఎక్కువ ఇష్టమైనవి ఆయన శబ్దాలు. తలుపు తియ్యగానే బూర మోగే ఏర్పాటు ఒకటుంది. బోర్లించిన పాత్రకి పైన రంధ్రం, దానికి బూర. తలుపు తెరిస్తే తాడు వదులై పాత్ర నీళ్ళలోకి దిగుతుంది, లోపలి గాలి బూరలోంచి బయటికొస్తుంది. ఊదింది దేవుడు కాదు, నీళ్ళన్నమాట. బొమ్మల నాటకశాలలో ఉరుము కావాలంటే సీసపు గుళ్ళని బిగించిన ఎండు తోలు మీద రాల్చమన్నాడు. ఇలాంటి యంత్రాలు పెద్దవిగా చెయ్యొద్దనీ, చేస్తే లోపల మనిషెవరో ఉండి ఆడిస్తున్నాడని చూసేవాళ్ళు అనుమానిస్తారనీ కూడా రాశాడు. ప్రేక్షకుడి అనుమానాన్ని ముందే లెక్కలోకి తీసుకున్న మనిషి!

బొమ్మ కట్టడంలో శబ్దాన్ని దాచే ఈ విద్య 20వ శతాబ్దంలో అమెరికా బొమ్మ రైళ్ళవాళ్ళకి బాగా అక్కరకొచ్చింది. లయొనెల్ కంపెనీ 1935లో ఇంజను వెనక బొగ్గుపెట్టెలో కూత అమర్చింది. చిన్న మోటారు, ఫ్యాను, గాలిగది, అంతే. పట్టాల్లో పారే ఏసీ కరెంటుకి కాస్త డీసీ కలిపితే రిలే కదిలి కూత వేస్తుంది. కూతలేని రైళ్ళ కోసం 1937లో అదే యంత్రాన్ని పట్టాల పక్కనుండే చిన్న స్టేషన్‌లో దాచారు. 1940ల చివర గిల్బర్ట్ కంపెనీ అమెరికన్ ఫ్లయర్ సెట్టుకి మాట్లాడే స్టేషన్ చేసింది. లోపల చిట్టి గ్రామఫోన్ రికార్డు తిరుగుతుంది.

మా మనవడి సెట్టులో స్టేషన్ ఫ్యాక్టరీ నుంచే అమెరికా కూతతో వచ్చింది. రోజుకి యాభైసార్లు అదే కూత! పైకప్పు విప్పి, మెమరీ కార్డు పట్టే గోరంత బోర్డు, 4 సెంటీమీటర్ల స్పీకరు పెట్టాను. మన స్టేషన్లో రికార్డు చేసుకొచ్చిన "చాయ్ చాయ్" కేక, తెలుగు ప్రకటన ఎక్కించాను. మొదట శబ్దం డొల్లగా వచ్చింది. స్పీకరు వెనక వెలువడే గాలి అలలు ముందువాటిని రద్దు చేస్తాయి కాబట్టి, వెనకవైపు చిన్న డబ్బాతో మూసేశాక సరిపోయింది.

తమాషా ఏమిటంటే, కూత స్టేషన్‌లోంచి వస్తున్నా, అది ఇంజనులోంచే వస్తోందని పిల్లలందరూ ఒట్టేసి చెబుతారు. కన్ను కదిలేదాన్ని చూస్తుంది, మెదడు శబ్దాన్ని అక్కడ అతికిస్తుంది. మాట్లాడే బొమ్మని ఆడించేవాళ్ళు బతికేదీ దీనిమీదే. విగ్రహం మాట్లాడిందని చెప్పేవాళ్ళందరూ అబద్ధాలాడుతున్నారనుకోనక్కర్లేదు, వాళ్ళకి అలాగే వినబడి ఉండొచ్చు.

పైకప్పుకి జిగురు పెట్టలేదు, రెండు మరలే. స్క్రూడ్రైవరు స్టేషన్ పక్కనే ఉంటుంది. మావాడు ఇప్పుడు "చాయ్ చాయ్" తీసేసి తన గొంతు పెట్టమంటున్నాడు.