నెలలు నిండని బిడ్డకు వెచ్చదనం

ముక్త్యాల, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల పల్లెలలోనే కాక తెలుగునాట అంతటా పెద్దలు చెప్పుకొనే మాట ఒకటి ఉన్నది: ఏడవ నెలలో పుట్టిన బిడ్డ దక్కుతుంది, ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ దక్కదు. ఇది మనవారి మాట మాత్రమే అనుకొంటే పొరపాటు. రెండు వేల సంవత్సరాలకు పూర్వమే గ్రీకు దేశంలో హిపోక్రటీసు పేరిట వెలసిన వైద్య గ్రంథాలలో ఒకటి అచ్చంగా ఎనిమిదవ నెల శిశువును గురించే. అంత దూరాన ఉన్న రెండు జాతులు నమ్మినంత మాత్రాన అది నిజం కాలేదు. గర్భంలో గడిపిన ప్రతి వారమూ శిశువుకు లాభమే. ఎనిమిదవ నెల బిడ్డ బ్రతికే అవకాశం ఏడవ నెల బిడ్డ కంటె ఎక్కువే. అయినా దక్కదని ముందే తీర్మానించుకొన్న బిడ్డకు జరిగే ఉపచారం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ విధంగా ఈ నమ్మకం తనను తానే నిజం చేసుకొంటూ వచ్చింది.

నెలలు నిండని శిశువుకు ఆపదలు అనేకం. ఊపిరితిత్తులు పక్వానికి రావు, పాలు చీకే శక్తి ఉండదు, అంటురోగాలు త్వరగా సోకుతాయి. కాని పుట్టిన కొద్ది నిమిషాలలోనే మొదలయ్యే ఆపద శరీరం చల్లబడడం. దీనిని తెలుసుకోవడానికి పాఠశాలలో నేర్చుకొనే ఉష్ణశాస్త్రం చాలు.

ఒక ఘనం అంచును సగం చేస్తే దాని ఘనపరిమాణం ఎనిమిదవ వంతు అవుతుంది. ఉపరితలం నాలుగవ వంతుకే తగ్గుతుంది. అనగా ప్రతి గ్రాము పదార్థానికీ వేడిని పోగొట్టుకొనే ఉపరితలం రెట్టింపయిందన్నమాట. చిన్న బిడ్డ పెద్దవారికంటె త్వరగా చల్లబడడానికి కారణం ఇదే. పైగా శిశువు వణకడం ద్వారా వేడి పుట్టించుకోలేదు. మెడ, భుజాలు, మూత్రపిండాల వద్ద ఉండే ఒక విధమైన గోధుమరంగు కొవ్వును మండించుకొని వేడి పొందుతుంది. ఆ కొవ్వు ఎక్కువగా చేరేది గర్భం చివరి నెలలలోనే. తొందరపడి పుట్టిన బిడ్డకు ఆ నిల్వ లేదు.

ఇక తడి సంగతి. చర్మం మీద ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడి కావాలి. మానవ శరీరపు విశిష్టోష్ణం సుమారు 0.83, కాబట్టి ఒక కిలోగ్రాము బిడ్డ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గాలంటే 830 కెలోరీలు పోవాలి. ఆ వేడి అంతా శరీరం నుండే పోయిందనుకొంటే, ఒక్క గ్రాము నీటితో ఉష్ణోగ్రత 0.7 డిగ్రీ పడిపోతుంది. పుట్టిన బిడ్డ ఒంటి మీద ఉండే తడి ఒక గ్రాముతో పోదు. విద్యార్థులు ఈ లెక్కను పది గ్రాములకు వేసి చూసుకోవచ్చు.

ఈ లెక్క ముందు పెట్టుకొని పాత పురిటిగదిని చూస్తే అందులో మంచీ చెడ్డా కలిసి కనబడతాయి. బిడ్డ పుట్టగానే నీళ్ళు పోయడం మంత్రసాని తొలి పనులలో ఒకటి. ఇది సరిగా చేయకూడని పని. మొదటి స్నానానికి 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ముర్రుపాలు పిండి పారబోసి ఆముదమో చక్కెర నీళ్ళో నాకించడం మరొక ఆచారం. వేడి పుట్టాలంటే ఇంధనం కావాలి కదా, ఆ ఇంధనాన్నే పారబోశారు. మంచం కింద కుంపటి పెట్టడంలో ఉద్దేశం మంచిదే. కాని తలుపులు మూసిన గదిలో బొగ్గు సెగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా చేరుతుంది.

దూది విషయం వేరు. పత్తి పండే ఈ మెరక సీమలో దూదికి కొదవ లేదు. నెల తక్కువ బిడ్డను దూదిలో పొదిగి పెంచడం అనేక దేశాలలో ఉన్న పద్ధతే, యూరప్ ఆసుపత్రులలో కూడ చాలాకాలం సాగింది. దూదిపోగుల మధ్య కదలక నిలిచిన గాలి మంచి ఉష్ణబంధకం గనుక అందులో శాస్త్రం ఉన్నది. అయితే దూది ఉన్న వేడిని కాపాడగలదు గాని లేని వేడిని పుట్టించలేదు. రుబ్బురోలును ఎంత దూదిలో చుట్టినా వెచ్చబడదు. తనంతట తాను వేడి పుట్టించుకోలేని శిశువుకు బయటి నుండి వేడి అందాలి.

ఆ వేడిని అందించే పెట్టె పారిస్‌లో తయారయింది. ప్రసూతి వైద్యుడు స్తెఫాన్ తార్నియే అక్కడి జంతు ప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగించే యంత్రాన్ని చూసి, దానిని తయారు చేసిన ఒడీల్ మార్తేన్ చేతనే శిశువుల కోసం ఒకటి చేయించాడు. 1880లో అది పారిస్ ప్రసూతి ఆసుపత్రికి వచ్చింది. అడుగున వేడినీరు, పైన బిడ్డలు, చుట్టూ రెండు పొరల గోడలు. అంతకు మించిన మర్మమేమీ లేదు. 2000 గ్రాముల లోపు బిడ్డలలో అంతకు పూర్వం నూటికి 66 మంది చనిపోతుండగా ఆ సంఖ్య 38కి దిగింది. కొత్త మందు ఒక్కటీ లేకుండా, వట్టి వేడినీళ్ళతో వచ్చిన ఫలితమిది.

తార్నియే శిష్యుడు పియేర్ బుదేన్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. బిడ్డ బరువు, ఉష్ణోగ్రత రోజూ వ్రాయించాడు; తల్లిపాలు పట్టించాడు; బిడ్డ దగ్గరకు తల్లిని రానివ్వకపోతే ఆమెకు బిడ్డపై ధ్యాస తప్పుతుందని 1900లో ప్రచురించిన తన గ్రంథంలో హెచ్చరించాడు. ఆ హెచ్చరికను తరువాతివారు పెద్దగా పట్టించుకోలేదు. 1896లో బెర్లిన్ ప్రదర్శనలో ఈ పెట్టెలను జనానికి చూపిన మార్టిన్ కూనీ, 1903 నుండి 1943 వరకు న్యూయార్కు దగ్గర కోనీ ఐలండ్ వినోదశాలలో టిక్కెట్టు పెట్టి నెలలు నిండని పసిపిల్లలను ప్రదర్శించాడు. వినడానికి అసహ్యంగా ఉన్నా, ఆ టిక్కెట్టు డబ్బుతోనే బిడ్డలకు ఖర్చు జరిగేది. తల్లిదండ్రుల వద్ద పైసా పుచ్చుకోలేదు. ఆనాటి ఆసుపత్రులు చాలావరకు ఆ బాధ్యత తీసుకోనందువల్లనే ఆ వినోదశాల నాలుగు దశాబ్దాలు నడిచింది.

ఆ కాలంలో మన ప్రాంతంలో స్త్రీలకు డాక్టరు దొరకడమే అపురూపం. అమెరికాలో వైద్యం చదివిన అన్నా సారా కూగ్లర్ 1883లో గుంటూరు చేరి, 1898లో అక్కడ లూథరన్ మిషన్ ఆసుపత్రిని స్త్రీలకోసం, పిల్లలకోసం తెరిపించింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ముక్త్యాల వంటి ఊరి నుండి గుంటూరు వెళ్ళడమంటే కృష్ణ దాటి వెళ్ళడమే. నెప్పులు పడుతున్న తల్లికి అది ఎంత దూరమో ఊహించుకోవచ్చు. 1953లో హైదరాబాదులో స్త్రీల, పిల్లల వైద్యానికి నీలోఫర్ ఆసుపత్రి వెలసింది. రాకుమారి నీలోఫర్ తన పరిచారిక ఒకతె కాన్పులో సరైన వైద్యం అందక మరణించడం చూసి దానికి పూనుకొన్నది. బొడ్డు కోసిన చోట సోకే ధనుర్వాతం కూడ క్రమంగా వెనుకబట్టింది. దాని నిర్మూలనను ఆంధ్రప్రదేశ్ 2003లోనూ, దేశమంతా 2015లోనూ సాధించాయి.

పెట్టె లోపల ఎంత వేడి ఉండాలి? వింత ఏమంటే 1958 వరకు దీనిని సరిగా పరీక్షించిన వారు లేరు. ఆ సంవత్సరం న్యూయార్కులో విలియం సిల్వర్‌మన్, ఆయన సహచరులు శిశువులను రెండు జట్లు చేసి ఒక జట్టును సుమారు 29, మరొక జట్టును సుమారు 32 డిగ్రీల సెంటీగ్రేడులో ఉంచారు. తేడా మూడు డిగ్రీలే. వెచ్చని జట్టులో నూటికి సుమారు 15 మంది అదనంగా బ్రతికారు.

పరీక్షించకుండా చేసిన మేలు కీడుగా మారిన ఉదాహరణ కూడ ఆ రోజులలోదే. 1940లలో పెట్టెలలో ప్రాణవాయువును ధారాళంగా వదలసాగారు. బ్రతికిన శిశువులలో వేలమందికి చూపు పోయింది. మితిమీరిన ప్రాణవాయువు కంటి వెనుక పొరలోని రక్తనాళాల పెరుగుదలను చెరుస్తుందని 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ సూచించగా, 1954 నాటికి అమెరికాలో జరిగిన పరీక్ష ధ్రువపరచింది. చిన్న బిడ్డలను బ్రతికించే విభాగాలు పెరిగిన కొద్దీ ఆ జబ్బు 1990లలో మన దేశంలోనూ తలఎత్తింది. ఆ దశాబ్దం చివర హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ సుభద్రా జలాలి బృందం, కంటి డాక్టరే శిశు విభాగాలకు వెళ్ళి చూసే పద్ధతిని జంట నగరాలలో ప్రారంభించింది. పుట్టిన 30 రోజుల లోపల ఆ పరీక్ష జరగాలి. ఇంటికి వెళ్ళి బాగా పెరుగుతున్న బిడ్డకు కంటి పరీక్ష ఎందుకని ఊరుకొనే కుటుంబాలకు ఈ సంగతి తెలియాలి.

వేడి కథలో పెద్ద మలుపు దక్షిణ అమెరికాలో వచ్చింది. కొలంబియా రాజధాని బొగోటాలో ఒక ఆసుపత్రికి పెట్టెలు చాలలేదు. ఒక్క పెట్టెలో ఇద్దరు ముగ్గురిని పెట్టగా అంటురోగాలు ప్రబలాయి. 1978లో ఎడ్గార్ రే, తరువాత ఎక్తోర్ మార్తినెస్, బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనేటట్లు నిలువుగా కట్టి ఉంచే పద్ధతి ప్రవేశపెట్టారు. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్లుంటుంది గనుక దానికి కంగారూ మాతృ సంరక్షణ అని పేరు వచ్చింది. గరీబు దేశాలకు సరిపోయే తాత్కాలిక ఏర్పాటని మొదట కొందరు చులకన చేశారు. 2021లో వెలువడిన ఒక పరిశోధన ఆ చులకనకు జవాబిచ్చింది. భారతదేశంతో సహా ఐదు దేశాలలో, 1 నుండి 1.8 కిలోగ్రాముల బరువుతో పుట్టిన శిశువులలో కొందరిని పుట్టిన వెంటనే తల్లి ఒడికి చేర్చారు. కొందరిని, అదివరకటి పద్ధతిలో, పరిస్థితి కుదుటపడిన తరువాతనే చేర్చారు. మొదటి జట్టులో 28 రోజుల లోపు చనిపోయినవారు నూటికి 12.0, రెండవ జట్టులో 15.7. ఆ తరువాత 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సలహాను మార్చి, పుట్టినది మొదలే ఈ పద్ధతి ప్రారంభించమన్నది.

పల్లెలకు సంబంధించినంతవరకు మరొక పని గోదావరి ఆవలి గడ్చిరోలి జిల్లాలో జరిగింది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు చదువుకొన్న గ్రామ స్త్రీలకు శిక్షణ ఇచ్చి, బిడ్డను తుడవడం, కప్పడం, వెచ్చని సంచిలో ఉంచడం, బరువు తూచడం, జబ్బు గుర్తుపట్టడం నేర్పారు. 1999లో ప్రచురించిన వారి ఫలితాల ప్రకారం తొలి నెల మరణాలు 62 శాతం తగ్గాయి. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి పసిబిడ్డను చూసిపోయే జాతీయ కార్యక్రమానికి అది మూలాలలో ఒకటి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి వేయి జననాలకు సుమారు 20 మంది శిశువులు మొదటి నెలలోనే పోతున్నారు. తెలంగాణలో సుమారు 17 మంది. జగ్గయ్యపేట, నందిగామ హైదరాబాదు–విజయవాడ రహదారి మీది ఊళ్ళే. 2005 నుండి 108 బండి కూడ ఉన్నది. అయినా ముక్త్యాల నుండి విజయవాడ పెద్దాసుపత్రికి గంటన్నర పైచిలుకు ప్రయాణం. కిలోన్నర బిడ్డ పుష్యమాసపు తెల్లవారుజామున, తల్లి వేరొక చోట ఉండగా, పలుచని గుడ్డలో ఆ దారిన వెళితే, అక్కడి వెచ్చని పెట్టెలో పడుకోబెట్టే నాటికి చల్లబడి ఉంటుంది. ఆ గంటన్నరలో చేయవలసినవి ఇవి: బిడ్డను పొడిగా తుడవడం, తలకు టోపీ పెట్టడం, తల్లి రవిక లోపల చర్మానికి ఆనించి గుడ్డతో కట్టి పైన దుప్పటి కప్పడం, ముఖానికి గాలి తగిలేటట్లు తల పక్కకు తిప్పి ఉంచడం. తల్లి ప్రయాణించలేని స్థితిలో ఉంటే తండ్రి గాని అమ్మమ్మ గాని అదే విధంగా మోయవచ్చు.