బియ్యం మనవే, మరి నూనె?



పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు, ఈ బియ్యం ఏ దేశం నుంచి రావాలో అని మనమెవరమూ దిగులు పడం. ఒకప్పుడు దేశానికి ఆ దిగులు వుండేది.

1964-65లో దాదాపు 8 కోట్ల 90 లక్షల టన్నుల తిండిగింజలు పండాయి. మరుసటి ఏడు వానలు లేక అవి 7 కోట్ల 20 లక్షల టన్నులకు పడిపోయాయి. 1966లో కోటి టన్నుల దాకా గింజలు బయటినుంచి తెచ్చుకున్నాం. ఎక్కువ భాగం పి.ఎల్. 480 పేరుతో వచ్చిన అమెరికా గోధుమలే. అధ్యక్షుడు జాన్సన్ ఆ ఓడలను కొద్దికొద్దిగా వదిలేవాడు. పక్కింటి నుంచి చేబదులు తెచ్చుకున్న ఇల్లాలు గట్టిగా మాట్లాడగలదా చెప్పండి! వారానికి ఒక పూట భోజనం మానండని శాస్త్రిగారు 1965లో అడిగింది అందుకే.

తరవాత ఏం జరిగింది? పాత వరికి ఎరువు వేస్తే ఏపుగా పెరిగి, కంకి బరువుకు చేను పడిపోయేది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐ.ఆర్.8 పొట్టిరకం, పడిపోదు. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు దాన్ని పండించి చూపించారు. విత్తనం ఒక్కటే కాదు సుమండీ! నీరు, ఎరువు, మద్దతు ధర, 1965లో పుట్టిన ఆహార సంస్థ కొనుగోళ్ళు, అన్నీ కలిసొచ్చాయి.

ఇక మూకుడులో నూనె సంగతి. 1986లో నూనెగింజల మిషన్ పెట్టాక, 1990ల మొదట్లో నూనె కూడా దాదాపు మనకు సరిపడా వచ్చింది. 1994 నుంచి పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచారు. దేశానికి రాబడి పెరిగింది, ఇళ్ళలో వేపుళ్ళూ పెరిగాయి. వానమీద ఆధారపడ్డ వేరుశనగ రైతు ఆ చవక నూనెతో పోటీ పడలేకపోయాడు. ఇవాళ మనం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే.

‘డబ్బుంటే కొనుక్కోవచ్చు కదా’ అంటారు కొందరు. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం వచ్చి పొద్దుతిరుగుడు నూనె రాక తగ్గింది. ఏప్రిల్‌లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. మనం మాత్రం? 2023 జూలైలో తెల్లబియ్యం ఎగుమతి మనమూ ఆపాం. కరువు భయం వస్తే ఎవరి ఇల్లు వాళ్ళు చూసుకుంటారు.

అందుకని, వరి రైతుకు దొరికిన ఆ భరోసా నువ్వులు, వేరుశనగ వేసే రైతుకూ దొరకాలి. మనం కూడా నూనె కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకుండా, అది ఏ నూనో చదివి కొందాం. వారానికో రోజు మూకుడు దించి, ఆవిరి కుడుములు పెడితే పిల్లలు కాదంటారా? సెలవు.